రిమోట్ లాగిన్‌కి ఏ దారి మేలు? మొరాయించినప్పుడు బాగుచేసుకోగలిగేది

దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ మీద సలహా అడిగితే ఎక్కడైనా దాదాపు ఒకే పాట వినిపిస్తుంది: పాస్‌వర్డ్ ఆపేయండి, కీ పెట్టుకోండి, పోర్ట్ మార్చేయండి. కీ అంటే పాస్‌వర్డ్‌కి బదులు వాడే జంట: రహస్య భాగం మీ దగ్గర, పబ్లిక్ భాగం సర్వర్‌లో. పోర్ట్ అంటే సర్వర్ కనెక్షన్ల కోసం వినే నంబర్, ఎస్‌ఎస్‌హెచ్‌ది మామూలుగా 22. సలహాలో పెద్ద తప్పేం లేదు. కాకపోతే ఆ మూడూ చేశాక ఒక రాత్రి సర్వర్ లోపలికి రానివ్వలేదనుకోండి, తప్పు కీలో ఉందా, పోర్ట్‌లో ఉందా, మధ్యలో ఇంకెక్కడన్నా ఉందా అని తేల్చుకునేసరికి తెల్లారిపోతుంది. నడిచినన్నాళ్లూ అన్ని పద్ధతులూ ఒకేలా నడుస్తాయి. తేడా తెలిసేది చెడినప్పుడే. అందుకే ఇక్కడ ప్రతి దారినీ రెండు ప్రశ్నలతో చూద్దాం: అది ఎంత గట్టిది, చెడితే ఎక్కడ చెడుతుంది.

ముందు తప్పు ఏ మెట్టు మీద ఉందో

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ విడదీత రావాలి. లాగిన్‌కి మూడు మెట్లున్నాయి. ప్యాకెట్, అంటే మీరు పంపే డేటా ముక్క, అవతలి మెషీన్ దాకా చేరాలి. అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పలికి, రెండు వైపులా ఒకే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ఒప్పుకోవాలి. ఆ తర్వాతే మీరెవరో రుజువు చేసుకోవడం. మొదటి మెట్టు మీదే ఆగిపోయి, మూడో మెట్టుకి చెందిన కీ ఫైళ్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది.

ఎర్రర్ మెసేజే సగం చెప్పేస్తుంది. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే ఒకరకంగా శుభవార్త: మెషీన్ దొరికింది, బతికే ఉంది, ఆ పోర్ట్ మీద మాత్రం వినేవాళ్లెవరూ లేరు, లేదా ఫైర్‌వాల్ మొహం మీదే కుదరదని చెప్పింది. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అలా కాదు. ప్యాకెట్‌ని ఎవరో చప్పుడు చేయకుండా మింగేస్తున్నారు: ఫైర్‌వాల్, క్లౌడ్‌లోని సెక్యూరిటీ గ్రూప్, లేదా ఐపీ అడ్రసే తప్పు. లినక్స్‌లో ఇది బయటపడటానికి మామూలుగా రెండు నిమిషాలు దాటుతుంది కాబట్టి, పరీక్షించేటప్పుడు కనెక్ట్‌టైమౌట్ ఆప్షన్‌ని 5 సెకన్లకు పెట్టుకోండి. ఇక ‘నో రూట్ టు హోస్ట్’ కనిపించగానే రౌటింగ్ టేబుల్ మీద పడకండి. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ ఆఫ్ అయి ఉన్నా ఇదే వస్తుంది, ఫైర్‌వాల్‌డి అనే ఫైర్‌వాల్ ప్రోగ్రామ్ నడిచే మెషీన్‌లో ఆ పోర్ట్ తెరిచి లేకపోయినా ఇదే వస్తుంది.

పింగ్‌ని సాక్ష్యంగా తీసుకోకండి. పింగ్‌ని ఆపేసి పోర్ట్ 22 తెరిచి ఉంచిన సర్వర్లు బోలెడు, దానికి తలకిందులుగా ఉన్నవీ అంతే. నమ్మదగిన పరీక్ష నెట్‌క్యాట్ అనే చిన్న టూల్‌తో పోర్ట్‌ని తాకడం. ‘ఎస్‌ఎస్‌హెచ్-2.0’ తో మొదలయ్యే వరుస తెర మీదికొచ్చిందంటే మొదటి మెట్టు దాటినట్టే, నెట్‌వర్క్ వాళ్లని ఇక వదిలేయవచ్చు. కనెక్ట్ అయి కూడా ఆ వరుస రాకపోతే అనుమానం సర్వర్ మీదికి మళ్లాలి. ఇంకా లాగిన్ పూర్తికాని కనెక్షన్లు పేరుకుపోయినప్పుడు సర్వర్ కొత్తవాటిని విసిరేస్తుంది. మాక్స్‌స్టార్టప్స్ అనే ఈ హద్దు మామూలుగా 10:30:100 గా ఉంటుంది: అలాంటివి పది పోగయ్యాక కొత్తగా వచ్చేవాటిలో 30 శాతాన్ని తోసేయడం మొదలుపెట్టి, వందకి చేరేసరికి అన్నింటినీ తోసేస్తుంది. బాట్‌లు (వాటంతటవే లాగిన్ ప్రయత్నిస్తూ పోయే ప్రోగ్రాములు) తలుపు బాదే సర్వర్‌లో ‘ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు’ అనే ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే. ఎక్కువగా వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 9.8 వెర్షన్ నుంచి (కింద ఒట్టి నంబర్లుగా వచ్చే వెర్షన్లన్నీ దీనివే), పదేపదే విఫలమైన ఐపీని కొంతసేపు దూరం పెట్టే ఏర్పాటు కూడా దానంతటదే ఆన్‌లో ఉంటుంది. తప్పుడు కీతో స్క్రిప్ట్‌ని లూప్‌లో తిప్పితే మీరే ఆ జాబితాలోకి ఎక్కుతారు.

మైనస్ వి ఆప్షన్‌తో క్లయింట్ ఏం చేస్తోందో కనిపిస్తుంది, మూడు వి లు పెడితే ఇంకా లోతుగా. కానీ కీని ఎందుకు కాదన్నదో సర్వర్ క్లయింట్‌కి చెప్పదు, చెప్పకూడదు కూడా. దాడి చేసేవాడికి అది సాయం. అసలు కారణం సర్వర్ లాగ్‌లోనే ఉంటుంది: డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఆథ్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో సెక్యూర్ అనే ఫైలు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డి ఉన్న చోట జర్నల్. ఈ లాగ్‌ని చూడగలిగే రెండో దారి, అంటే క్లౌడ్ కన్సోలో, సర్వర్ బోర్డు మీది ఐపీఎంఐయో (దూరం నుంచి కన్సోల్ చూపించే విడి ఏర్పాటు), మానిటర్ తగిలించుకోగలగడమో ముందే ఉందా అన్నదే పద్ధతిని ఎంచుకోవడంలో మొదటి ప్రశ్న. అది లేనివాళ్లు కింది వాటిలో సాదాసీదా దారినే పట్టడం మంచిది.

పాస్‌వర్డా, కీనా, సర్టిఫికెట్టా, టోకెనా

పాస్‌వర్డ్ చెడిపోయే చోట్లు తక్కువ. తప్పుగా కొట్టడం, గడువు దాటడం, ఖాతా లాక్ అవడం, సర్వర్‌లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఆపి ఉండటం, ఫెయిల్‌2బ్యాన్ లాంటిది మీ ఐపీని కాసేపు నిషేధించడం. అంతే. ఇంటర్నెట్‌కి తెరిచిన సర్వర్‌కి మాత్రం ఇది పనికిరాదు, బాట్‌ల దాడి రాత్రీపగలూ సాగుతూనే ఉంటుంది. ఆ సర్వర్‌కి కన్సోల్ దారి ఒకటి ఉంటే, పాస్‌వర్డ్‌ని కన్సోల్‌కే పరిమితం చేసి నెట్‌వర్క్ మీద ఆపేయడం సరైన సర్దుబాటు.

ఈ ఆపేయడంలోనూ ఒక తిరకాసుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డి కాన్ఫిగ్ ఫైల్లో ఒకే ఆప్షన్ రెండుసార్లు వస్తే చెల్లేది మొదటిసారి వచ్చిందే. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైలు మొదట్లోనే కాన్ఫిగ్ డాట్ డి ఫోల్డర్‌లోని ముక్కలన్నింటినీ లోపలికి లాగే వరుస ఉంటుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో ఆ ఫోల్డర్‌లో 50తో మొదలయ్యే క్లౌడ్-ఇనిట్ (క్లౌడ్ మెషీన్‌ని మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రామ్) ఫైలు ఒకటి కూర్చుని పాస్‌వర్డ్ ఆథెంటికేషన్‌ని ఎటో ఒకవైపు తేల్చేస్తుంది. మీరు అసలు ఫైల్లో కింద ఎన్నిసార్లు ‘నో’ రాసినా లెక్కలోకి రాదు. ఫైలు చదివి నిర్ధారించుకోకండి. ఎస్‌ఎస్‌హెచ్‌డి కి పెద్ద టి ఆప్షన్ ఇచ్చి రూట్‌గా నడిపితే చివరికి ఏది అమల్లో ఉందో మొత్తం కక్కేస్తుంది. మ్యాచ్ బ్లాకులు (కొందరు యూజర్లకో, అడ్రస్‌లకో మాత్రమే వర్తించే నియమాలు) రాసుకున్నవాళ్లు దానికి పెద్ద సి ఆప్షన్‌తో యూజర్, అడ్రస్ కూడా చెప్పాలి.

కీ చాలా గట్టిది, అయితే చెడే చోట్లు ఎక్కువ. అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి.

మైనస్ వి అవుట్‌పుట్‌లో ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’ అన్న వరుస వెతకండి. అది లేకపోతే తప్పు మీ వైపే: కీ ఫైలు మామూలు పేరుతో, మామూలు చోట లేదు, లేదా మీరు ఇంకో యూజర్‌గా కమాండ్ నడుపుతున్నారు. సుడోతో నడిపితే వెతికేది రూట్ హోమ్‌లో, మీ హోమ్‌లో కాదు. ఆ వరుస ఉండి, వెంటనే ‘సర్వర్ యాక్సెప్ట్స్ కీ’ రాకపోతే తప్పు అటువైపు. అక్కడ మొదటి ముద్దాయి పర్మిషన్లు. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, సర్వర్ ఒప్పుకునే పబ్లిక్ కీలు ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600 ఇవ్వాలని, అంటే యజమాని తప్ప ఎవరూ ముట్టకూడదని అందరికీ తెలుసు. హోమ్ ఫోల్డరే గ్రూప్‌కి రాసుకునేలా 775గా ఉంటే కీ చెల్లకపోవచ్చన్నది చాలామందికి తట్టదు. ఫైలు పంచుకోవడానికని ఎవరో హోమ్ మీద 777 కొట్టిన రోజే కీ లాగిన్ పోతుంది. లాగ్‌లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఫోల్డర్ పేరుతో సహా రాసి ఉంటుంది. ఈ తనిఖీ చేసే స్ట్రిక్ట్‌మోడ్స్ ఆప్షన్‌ని ఆపేస్తే పని జరుగుతుంది గానీ, అది దొంగకి కూడా జరుగుతుంది.

పర్మిషన్లు సరిగ్గా ఉండీ రాకపోతే ఎస్‌ఈలినక్స్ (ఫైళ్లకి లేబుళ్లు వేసి కాపలా కాసే అదనపు భద్రతా పొర) చూడండి. హోమ్‌ని వేరే చోటి నుంచి కాపీ చేసి తెచ్చినప్పుడు ఫైళ్ల లేబుళ్లు తేడా వస్తాయి. రిస్టోర్‌కాన్‌ని ఆ ఫోల్డర్ మీద పెద్ద ఆర్ ఆప్షన్‌తో నడిపితే సర్దుకుంటాయి. ఎన్‌క్రిప్ట్ చేసిన హోమ్ అయితే లాగిన్ అయ్యేదాకా కీ ఫైలే కనబడదు, కనబడేదాకా లాగిన్ కాదు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు అన్న తంతు. అలాంటి చోట ఆథరైజ్డ్ కీస్‌ని హోమ్ బయట, సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ కింద యూజర్ పేరుతో ఒక ఫైలుగా పెట్టించాలి. యూజర్‌కి కేటాయించిన షెల్ ఇన్‌స్టాల్ అయి లేకపోయినా కీ తిరస్కరణ లాగే కనిపిస్తుంది, లాగ్ చూస్తే షెల్ లేదని స్పష్టంగా ఉంటుంది.

కీలు ఎక్కువైనా ఇబ్బందే. సర్వర్ ఒక కనెక్షన్‌కి మామూలుగా ఆరు ప్రయత్నాలే ఇస్తుంది. మీ ఏజెంట్‌లో (కీలను మెమరీలో ఉంచుకుని అందించే ప్రోగ్రామ్) ఎనిమిది కీలుంటే, సరైనది ఏడోది అయితే, దాని వంతు రాకముందే ‘టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ అని తలుపు మూసుకుంటుంది. క్లయింట్ కాన్ఫిగ్‌లో ఆ హోస్ట్‌కి ఐడెంటిటీఫైల్ ఏదో చెప్పి, ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్ పెడితే సరి. మాక్స్‌ఆథ్‌ట్రైస్ పెంచడం మందు కాదు.

కీ రకంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు: ఈడీ25519. ఇది 2014లో వచ్చిన 6.5 నుంచి ఉంది, 9.5 నుంచి కీలు తయారుచేసే కీజెన్ కమాండ్ అడక్కుండానే ఈ రకమే తయారుచేస్తుంది. పబ్లిక్ కీ అసలు భాగం 68 అక్షరాలే కావడం మరమ్మతు కోణంలో పెద్ద సుఖం. ఆర్‌ఎస్‌ఏ 4096 అయితే 716 అక్షరాలు, కన్సోల్ విండోలో అతికించేటప్పుడు మధ్యలో వరుస విరిగి కీ చచ్చిపోవడం మామూలే. ఆథరైజ్డ్ కీస్‌లో ఒక కీ ఒకే వరుసలో ఉండాలి. పాత రౌటర్లు, స్విచ్‌లు, ఫిప్స్ మోడ్‌లో (అమెరికా ప్రభుత్వ ప్రమాణం ఒప్పుకున్న ఎన్‌క్రిప్షన్ మాత్రమే వాడే పద్ధతి) నడిచే సర్వర్లు ఉన్న చోట మాత్రం ఆర్‌ఎస్‌ఏ ఒకటి పక్కన ఉంచుకోండి.

ఆర్‌ఎస్‌ఏని తీసేశారన్న పుకారు ఒకటి తిరుగుతోంది. 2021లో వచ్చిన 8.8 ఆపింది ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత, బలహీనపడ్డ పద్ధతితో చేసే సంతకాన్ని, ఆర్‌ఎస్‌ఏ కీని కాదు. అదే కీ ఎస్‌హెచ్‌ఏ-2 సంతకంతో ఇప్పటికీ చక్కగా నడుస్తుంది. అవతలి పరికరం పాతదై ‘నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్’ అంటే, ఆ ఒక్క హోస్ట్ పేరు కిందే హోస్ట్‌కీఆల్గారిథమ్స్, పబ్‌కీయాక్సెప్టెడ్‌ఆల్గారిథమ్స్ రెండింటికీ ప్లస్ గుర్తుతో పాత ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏని చేర్చండి. అన్ని హోస్ట్‌లకీ వర్తించేలా నక్షత్రం కింద రాసేవాళ్లు ఒక పాత పెట్టె కోసం ఇల్లంతా గొళ్లెం తీసినట్టే.

సర్టిఫికెట్ల లెక్క వేరు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2010లో వచ్చిన 5.4 నుంచీ ఉన్నా వాడేవాళ్లు తక్కువే. ఒక సంతకపు కీతో యూజర్ కీల మీద గడువుతో సహా సంతకం చేస్తారు, సర్వర్లు ఆ సంతకాన్ని నమ్ముతాయి. ఇరవై మంది, యాభై సర్వర్లు ఉంటే వెయ్యి చోట్ల ఆథరైజ్డ్ కీస్ తిప్పడం తప్పుతుంది. మనిషి వెళ్లిపోతే గడువే అతన్ని బయటికి పంపుతుంది. చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి గడియారం: సర్వర్ టైమ్ రెండు నిమిషాలు వెనకబడితే, ఇప్పుడే ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదంటుంది. గడువు రాసేటప్పుడు మొదలుని ఐదు నిమిషాలు వెనక్కి జరపడం దీనికి సులువైన విరుగుడు. రెండోది ప్రిన్సిపల్: సర్టిఫికెట్‌లో రాసిన పేరూ, లాగిన్ అవుతున్న యూజర్ పేరూ కలవాలి. కీజెన్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇస్తే పేర్లు, గడువు రెండూ కళ్ల ముందుంటాయి. ఐదారు మెషీన్ల లోపు ఉన్నవాళ్లకి ఇది అనవసరపు బరువే. సంతకపు కీని కాపాడుకోవడం అదనపు పని.

సర్వర్ల వైపు హోస్ట్ సర్టిఫికెట్ పెట్టడం మాత్రం చిన్న చోట్ల కూడా ఆలోచించదగ్గదే. వర్చువల్ మెషీన్లు రోజూ పుట్టి చచ్చే చోట ‘హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్’ అని పెద్ద హెచ్చరిక వస్తూనే ఉంటుంది. కొన్నాళ్లకి జనం దాన్ని చదవడం మానేసి, గుడ్డిగా నోన్ హోస్ట్స్‌ని (ఇదివరకు చూసిన సర్వర్ల కీలు దాచుకునే ఫైలు) చెరిపేయడం అలవాటు చేసుకుంటారు. అసలు మోసం జరిగిన రోజు కూడా అలాగే చెరిపేస్తారు. హెచ్చరిక వస్తే ముందు కన్సోల్‌లో సర్వర్ హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ చూసి, రెండూ సరిపోతేనే కీజెన్ పెద్ద ఆర్ ఆప్షన్‌తో పాతది తీయండి. పోర్ట్ మార్చిన సర్వర్ అయితే నోన్ హోస్ట్స్‌లో పేరు చతురస్ర బ్రాకెట్లలో, పోర్ట్ నంబర్‌తో కలిపి ఉంటుంది. ఒట్టి పేరుతో తీస్తే దొరకదు.

ఫిడో టోకెన్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న భద్రతా పరికరం) కీ 8.2 నుంచి పనిచేస్తుంది, రెండు వైపులా కనీసం ఆ వెర్షన్ ఉండాలి. ప్రతి లాగిన్‌కి వేలితో తాకాలి కాబట్టి రాత్రి రెండింటికి దానంతటదే నడిచే బ్యాకప్ స్క్రిప్ట్‌కి ఇది నప్పదు. మనుషులు లాగిన్ అయ్యే ముఖ్యమైన సర్వర్‌కి దీన్ని మించింది లేదు. కొంటే రెండు కొనండి. రెండూ సర్వర్‌లో ఎక్కించాకే మొదటిది జేబులో వేసుకోండి.

నేరుగానా, చుట్టు తిరిగా

అసలు ఎంపిక చాలామందికి ఇక్కడే: పోర్ట్ 22ని ఇంటర్నెట్‌కి తెరవాలా, పోర్ట్ మార్చాలా, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే వేసుకునే గుప్తమైన సొంత దారి) వెనక పెట్టాలా, జంప్ హోస్ట్ పెట్టాలా.

నేరుగా 22 తెరిచి, కీ మాత్రమే ఒప్పుకోవడం తప్పు పని కాదు. మరమ్మతు దృష్టితో ఇదే అన్నింటికంటే తేలిక. మధ్యలో ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్‌ని మాత్రం తాజాగా ఉంచాలి. 2024లో బయటపడ్డ రిగ్రెష్‌షన్ లోపం 8.5 నుంచి 9.7 వరకు లినక్స్ సర్వర్లను కీ, పాస్‌వర్డ్ తేడా లేకుండా ప్రమాదంలో పెట్టింది, 9.8లో సరిచేశారు.

పోర్ట్‌ని 2222కో మరోదానికో మార్చడం వల్ల లాగ్‌లో చెత్త తగ్గుతుంది. భద్రత పెరిగిందనుకుంటే పొరపాటు. పైగా 1024 పైన ఉన్న పోర్ట్‌ని మామూలు యూజర్ కూడా పట్టుకోగలడు. సర్వర్ పడిపోయిన క్షణంలో ఆ మెషీన్ మీది ఎవరైనా అక్కడ నకిలీది కూర్చోబెట్టవచ్చు. మార్చక తప్పదనుకుంటే 1024 లోపలే ఒకటి చూసుకోండి. 21 ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. ఆ రెంటి మధ్య ఖాళీగా ఉందనే ఎస్‌ఎస్‌హెచ్‌కి 22 అడిగి తీసుకున్నారు. మార్చాక చెడే చోట్లు మూడు: ఫైర్‌వాల్‌లో కొత్త పోర్ట్ తెరవకపోవడం, ఎస్‌ఈలినక్స్‌కి సెమానేజ్ కమాండ్‌తో చెప్పకపోవడం, ఉబుంటు 22.10, ఆ తర్వాతి వాటిలో పోర్ట్‌ని వినేది సర్వర్ కాకుండా సిస్టమ్‌డి సాకెట్ అని తెలియకపోవడం. మూడోది చాలామందిని బోల్తా కొట్టించింది: కాన్ఫిగ్‌లో మార్చారు, సర్వీస్ రీస్టార్ట్ చేశారు, అయినా 22 మీదే ఉంది. ఉబుంటు 24.04లో డీమన్-రీలోడ్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ని రీస్టార్ట్ చేయాలి. ఎస్‌ఎస్ కమాండ్‌తో ఏ పోర్ట్ మీద ఎవరు వింటున్నారో చూసి గానీ సంతోషపడకండి.

వీపీఎన్ వెనక పెట్టడం, అందులోనూ వైర్‌గార్డ్, భద్రతకి చాలా మంచిది. తెలియనివాడు తాకితే అది అసలు పలకదు. మరమ్మతుకి అదే శాపం: కీ తప్పా, పోర్ట్ 51820 యూడీపీ మూసి ఉందా, అటువైపు మెషీన్ ఆగిపోయిందా, మూడింటికీ ఒకటే మౌనం. డబ్ల్యూజీ షో కమాండ్‌లో ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’ అన్న వరుస ఉందా అని చూడండి. లేకపోతే కీలు, ఎండ్‌పాయింట్, యూడీపీ దారి. ఉండి కూడా ఎస్‌ఎస్‌హెచ్ రాకపోతే అలౌడ్ ఐపీస్, అవతలి ఫైర్‌వాల్. నాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని పలు మెషీన్లకు పంచే ఏర్పాటు) వెనక ఉన్న వైపు పర్సిస్టెంట్ కీపలైవ్ 25 సెకన్లు పెట్టకపోతే, కాసేపు మాట్లాడకుండా ఉండగానే బయటి నుంచి లోపలికి దారి మూసుకుపోతుంది.

వీపీఎన్‌తో వచ్చే అసలు మాయరోగం ఎంటీయూ, అంటే దారిలో ఒక ప్యాకెట్‌కి ఉండగల గరిష్ఠ సైజు. కనెక్షన్ కలుస్తుంది, వెర్షన్ వరుస వస్తుంది, ఆపైన ‘కెక్స్ ఈసీడీహెచ్ రిప్లై కోసం చూస్తున్నాం’ అన్న చోట గడ్డకట్టుకుపోతుంది. లేదా లాగిన్ అవుతుంది, చిన్న కమాండ్లు నడుస్తాయి, పెద్ద ఫోల్డర్ లిస్ట్ చేయగానే తెర బిగుసుకుంటుంది. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పెద్దవి మధ్యలో ఎక్కడో పడిపోతున్నాయి, పడిపోయాయని చెప్పే ఐసీఎంపీ కబురుని ఎవరో ఆపేశారు. పరీక్ష సులువే: ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ పంపండి. 1472 బైట్లు వెళ్తే దారి 1500ది, ఎందుకంటే హెడర్లకే 28 పోతాయి. వెళ్లకపోతే పదేసి తగ్గిస్తూ రండి, వెళ్లిన అంకెకి 28 కలిపితే దారి ఎంటీయూ. వైర్‌గార్డ్ మామూలుగా 1420 తీసుకుంటుంది, కింద ఉన్న లైను పీపీపీఓఈ (కొందరు ఇంటర్నెట్ ప్రొవైడర్లు వాడే కనెక్షన్ రకం) అయి 1492 అయితే దాన్ని 1412కి దించాలి. వీపీఎన్ లేని చోట కూడా ఈ లక్షణాలే కనబడితే ఇదే పరీక్ష.

జంప్ హోస్ట్ అంటే బయటికి కనబడే ఒకే మెషీన్, దాని గుండా లోపలివాటికి. 2016లో వచ్చిన 7.3 నుంచి ప్రాక్సీజంప్ ఉంది కాబట్టి ఏజెంట్ ఫార్వర్డింగ్‌ని దీనికోసం వాడటం మానేయండి. ఏజెంట్‌ని ఫార్వర్డ్ చేస్తే జంప్ హోస్ట్‌లో రూట్ ఉన్నవాడు మీ కీతో ఎక్కడికైనా వెళ్లగలడు. ప్రాక్సీజంప్‌లో జంప్ హోస్ట్ ఒట్టి గొట్టమే. లోపలి సర్వర్‌తో రుజువు మీ ల్యాప్‌టాప్ నుంచే జరుగుతుంది. చిక్కల్లా ఎర్రర్ ఎవరిదో తెలియకపోవడం. ‘కనెక్షన్ క్లోజ్డ్ బై అన్‌నోన్ పోర్ట్ 65535’ అని వింత నంబర్ కనబడితే కంగారు పడకండి. క్లయింట్‌కి ఎదురుగా నెట్‌వర్క్ సాకెట్ లేదు, గొట్టం ఉంది, అంతే దానర్థం. ముందు జంప్ హోస్ట్‌కి ఒక్కదానికే లాగిన్ అయి చూడండి. అది నడిచి, లోపలికి ‘అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్’ అంటే అక్కడ అలౌటీసీపీఫార్వర్డింగ్ ఆపి ఉంది. లోపలి సర్వర్ పేరుని వెతికేది కూడా జంప్ హోస్టే, మీ ల్యాప్‌టాప్ కాదు. మీ దగ్గర పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, అక్కడ తెలియాలి.

మీ మెషీన్ ఉన్న కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీయే లేకపోతే పైవాటిలో సగం కుదరవు. రౌటర్ వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) పేజీలో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ప్రొవైడర్ నాట్ వెనక ఉన్నారు, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్ని రకాలుగా చేసినా రాదు. అప్పుడు మెషీనే బయటి సర్వర్‌కి రివర్స్ టన్నెల్ తవ్వాలి, లేదా బయటి సర్వర్ ద్వారా వైర్‌గార్డ్ పెట్టాలి. రెండింటిలో వైర్‌గార్డే నయం. రివర్స్ టన్నెల్ తెగినప్పుడు బయటి సర్వర్‌లో పాత సెషన్ చావకుండా పోర్ట్‌ని పట్టుకుని ఉంటుంది, కొత్తది వచ్చి పోర్ట్ దొరక్క ఊరికే వేలాడుతుంది. దానికి విరుగుడు టన్నెల్ వైపు ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ యెస్, సర్వర్‌అలైవ్ ఇంటర్వెల్ 30, బయటి సర్వర్‌లో క్లయింట్‌అలైవ్ ఇంటర్వెల్ కూడా 30, సిస్టమ్‌డిలో ఎప్పుడాగినా మళ్లీ మొదలెట్టే సర్వీస్. నాలుగూ ఉంటేనే నిలుస్తుంది.

క్లయింట్ విషయం

విండోస్‌లో ఇప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ దానంతటదే ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదే చాలు. పుట్టీ అనే క్లయింట్ వాడేవాళ్లు ఒక ఉచ్చు గుర్తుంచుకోండి: పుట్టీజెన్‌లో ‘సేవ్ పబ్లిక్ కీ’ నొక్కితే వచ్చే ఫైలు పలు వరుసల ఫార్మాట్‌లో ఉంటుంది, ఆథరైజ్డ్ కీస్‌కి అది అర్థం కాదు. పైన పెట్టెలో కనబడే ఒంటి వరుసనే కాపీ చేయాలి. విండోస్‌నే సర్వర్‌గా నడిపితే, అడ్మినిస్ట్రేటర్ గ్రూప్‌లో ఉన్న యూజర్ల కీలు వాళ్ల హోమ్‌లో కాదు, ప్రోగ్రామ్‌డేటా కింద ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని అడ్మినిస్ట్రేటర్స్ ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఉండాలి, దాని మీద సిస్టమ్‌కీ అడ్మినిస్ట్రేటర్లకీ తప్ప ఎవరికీ హక్కు ఉండకూడదు. పాత పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఆ ఫైల్లోకి రాస్తే యూటీఎఫ్-16లో పడుతుంది. చూడటానికి కీ సరిగ్గానే ఉంటుంది, సర్వర్ మాత్రం చదవలేదు.

కనెక్షన్ ఊరికే తెగిపోతుంటే నెట్‌వర్క్ తెగినా సెషన్‌ని నిలిపే మోష్ వైపు చూసేవాళ్లున్నారు. రైల్లో, మొబైల్ డేటా మీద అది హాయి. కానీ యూడీపీ 60000 నుంచి 61000 వరకు తెరవాలి, రెండు వైపులా యూటీఎఫ్-8 లొకేల్ ఉండాలి, పోర్ట్ ఫార్వర్డింగ్ ఉండదు. మొదటి లాగిన్ ఎలాగూ ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే, కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ రాకపోతే మోషూ రాదు. చాలామందికి సర్వర్‌అలైవ్ ఇంటర్వెల్ 60 పెట్టి, సర్వర్‌లో టీమక్స్ (కనెక్షన్ పోయినా పనిని నిలిపి ఉంచే ప్రోగ్రామ్) నడుపుకుంటే సరిపోతుంది.

మార్చేముందు

ఏ దారికి మారినా, మారే పని ఆ దారి మీద నిలబడే చేస్తున్నారు. కూర్చున్న కొమ్మని నరుక్కోకుండా ఉండటానికి క్రమం ఇది. పాత సెషన్ ఒకటి తెరిచే ఉంచండి, ఏం జరిగినా మూయకండి. మార్పు చేశాక ఎస్‌ఎస్‌హెచ్‌డి చిన్న టి ఆప్షన్‌తో కాన్ఫిగ్ పరీక్షించండి. ఏమీ మాట్లాడకపోతే బాగున్నట్టు. రీస్టార్ట్ కాదు, రీలోడ్ చేయండి. అనుమానం ఎక్కువుంటే పది నిమిషాల తర్వాత పాత కాన్ఫిగ్‌ని తిరిగి పెట్టి రీలోడ్ చేసే పనిని సిస్టమ్‌డి-రన్‌తో ముందే ఎక్కించి, అంతా సవ్యంగా ఉంటే రద్దు చేసుకోండి. తర్వాత ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అవ్వండి. కంట్రోల్‌మాస్టర్ వాడేవాళ్లకి కొత్త విండో కూడా పాత కనెక్షన్ మీదే ఎక్కుతుంది, కాబట్టి కంట్రోల్‌పాత్‌ని నన్ అని చెప్పి పరీక్షించాలి, లేకపోతే ఆ పరీక్షే అబద్ధం. పోర్ట్ ఫార్వర్డింగ్ మార్చి ఉంటే అదే వైఫై నుంచి కాకుండా ఫోన్ డేటా మీద నుంచి చూడండి. లోపలి నుంచి తన పబ్లిక్ ఐపీకే తిరిగి వెళ్లడం చాలా రౌటర్లకి రాదు. బయట అంతా సవ్యంగా ఉన్నా లోపల టైమ్డ్ అవుట్ చూపించి మిమ్మల్ని మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే పంపుతుంది.